ఎండో ‘సైలెన్స్’ చదివాక ఒక ప్రశ్న: బొమ్మ తొక్కినవాడికి విశ్వాసం పోయినట్టేనా?

పల్నాడు పాఠకుడు:

అందరికీ నమస్కారమండి. మూడేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ ఏదీ రాయలేదు, ఇవాళ మాత్రం ఆగలేకపోతున్నా, కాస్త పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

జపాన్ రచయిత షుసాకు ఎండో రాసిన సైలెన్స్ నవల పోయిన ఆదివారం రాత్రి పూర్తిచేశాను. 1966లో వచ్చిన పుస్తకం, నేను చదివింది ఇంగ్లిష్ అనువాదం. తెలియనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తా. 1614 నుంచి జపాన్ అంతటా క్రైస్తవం నిషేధం. అక్కడ ఏళ్ల తరబడి సేవ చేసిన ఫెరీరా అనే పెద్ద ఫాదర్, పోర్చుగీసాయన, విశ్వాసం వదిలేశాడని యూరప్‌కి కబురొస్తుంది. ఆయన దగ్గర చదువుకున్న రోడ్రిగెజ్ అనే కుర్ర ఫాదర్ అది నమ్మలేక ఇంకో ఫాదర్‌ని తోడు తీసుకుని దొంగచాటుగా జపాన్‌లో దిగుతాడు. వాళ్లకి దారి చూపించేవాడు కిచిజిరో, తాగుబోతు, పిరికివాడు. అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు విశ్వాసం వదలమని నిలబడి మంటల్లో చనిపోతే తనొక్కడే క్రీస్తు బొమ్మ తొక్కి బయటపడ్డవాడు. ఆ బొమ్మని ఫుమియె అంటారు, చెక్కలో బిగించిన రాగి బొమ్మ, దాని మీద కాలు పెడితే నువ్వు క్రైస్తవుడివి కానట్టు, పెట్టకపోతే చావు. చివరికి ఈ కిచిజిరోనే ఫాదర్ని కూడా పట్టిస్తాడు, పట్టించి ఊరుకోడు, మళ్లీ వెనకాలే వస్తాడు, నా పాపం ఒప్పుకుంటాను వినండి ఫాదర్ అని ఏడుస్తూ.

తర్వాత ఆ నాగసాకి జైలు రాత్రి. పక్కన ఎవరో గురక పెడుతున్నారనుకుని రోడ్రిగెజ్‌కి చిరాకేస్తుంది, నేనింత వేదనలో ఉంటే కాపలావాడు హాయిగా నిద్రపోతున్నాడే అని. అది గురక కాదు, గోతిలో తలకిందులుగా వేలాడదీసిన రైతుల మూలుగు అని ఫెరీరా వచ్చి చెప్తాడు. వాళ్లు ఎప్పుడో విశ్వాసం వదిలేశామన్నారు, అయినా దించట్లేదు, ఫాదర్ తొక్కితేనే దించుతారు. ఆయన తొక్కుతాడు. దూరంగా కోడి కూస్తుంది. ఆ కోడి దగ్గర నేను పుస్తకం మూసేసి అరగంట బాల్కనీలో కూర్చున్నా, బైబిల్లో క్రీస్తుని ఎరగనన్నాక కోడి కూత విన్న పేతురు గుర్తొచ్చి.

ఇప్పుడు నేనెందుకు అడుగుతున్నానో చెప్పాలి. మా తాతయ్య స్కూల్ టీచర్. మాది మూడు తరాలుగా చర్చికి వెళ్లే ఇల్లు, మా పేటలో అందరూ అంతే. ఆయన 1960ల చివర్లో ఉద్యోగంలో చేరినప్పుడు కాగితాల్లో హిందూ అని రాసుకున్నాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే కదా, తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, క్రైస్తవులకి ఇప్పటికీ లేదు. పేటలో చెరువు దగ్గర, హోటల్లో గ్లాసు దగ్గర ఆయన్ని ఎవరూ నువ్వే మతమని అడగలేదు, కాగితం మాత్రం అడిగింది. ఉద్యోగం లేకపోతే ఐదుగురు పిల్లలు ఆకలితో ఉండేవాళ్లు. రాసుకున్నాడు, అంతే.

కానీ ఆ తర్వాత తాతయ్య చర్చిలో ఎప్పుడూ చివరి వరసలోనే కూర్చునేవాడు, గోడకి ఆనుకుని. నెలకోసారి ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం అందరూ ముందుకెళ్లి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే ఆయన లేచేవాడు కాదు. చిన్నప్పుడు నేను చెయ్యి పట్టి లాగాను, రా తాతయ్యా అని. నువ్వెళ్లు నాన్నా అన్నాడు. కొరింథీ పత్రికలో ‘అయోగ్యముగా’ తినేవాడి గురించి ఉంటుందే, ఆ మాట ఆయన తన గురించే అనుకున్నాడని పెద్దయ్యాక అర్థమైంది. 2009లో పోయాడు. నాకు తెలిసి ఒక్కసారి కూడా తీసుకోలేదు.

కిచిజిరో గురించి చదువుతున్నంతసేపూ నాకు మా తాతయ్య కనపడ్డాడు. ఆయన తాగుబోతు కాదు, ఎవరినీ పట్టివ్వలేదు, నెమ్మదైన మనిషి, అయినా ఆ చివరి వరస, ఆ గోడ. ఇదీ నా ప్రశ్న: రోడ్రిగెజ్ తొక్కాక అతనికి విశ్వాసం మిగిలిందని ఎండో అంటున్నాడా, పోయిందంటున్నాడా? పుస్తకంలో ఏముందో చదివినవాళ్లు చెప్పండి, నన్ను ఓదార్చడానికి మాత్రం చెప్పొద్దు.


రెండో షెల్ఫ్:

మీ పోస్టు చదివి చాలాసేపు ఏం రాయాలో తెలీలేదండి. పుస్తకం మటుకే చెప్పమన్నారు కాబట్టి దానికే పరిమితమవుతా.

మొదట ఒకటి అడుగుతా, మీరు చివర్లో ఉన్న అనుబంధం చదివారా? క్రైస్తవ ఖైదీల్ని ఉంచిన ఇంట్లో పనిచేసే ఒక గుమస్తా డైరీ లాగా ఉంటుంది, పొడిపొడిగా, ఫలానా రోజు ఫలానావాడికి ఇంత జీతం, ఫలానావాడు జబ్బుపడ్డాడు అని. చాలామంది అక్కడికొచ్చి విసుగొచ్చి ఆపేస్తారు, నేను మొదటిసారి ఆపేశా. అసలు విషయం అక్కడే ఉంది. అప్పటికి రోడ్రిగెజ్‌కి ఒక చనిపోయినవాడి పేరు పెట్టారు, ఒకాదా సాన్ఎమొన్, భార్యనీ ఇచ్చారు. ఎదోలో, అంటే ఇప్పటి తోక్యోలో, ఆ కాంపౌండ్ దాటకుండా బతుకుతున్నాడు. అలాంటివాడితో ఏళ్ల తర్వాత మళ్లీ విశ్వాసం వదిలేస్తున్నట్టు రాయిస్తున్నారని డైరీలో ఉంటుంది. ఒకసారి వదిలేసినవాడితో మళ్లీ ఎందుకు రాయించాలి? అంటే మధ్యలో ఏదో జరిగింది, ఏంటో గుమస్తా రాయడు. ఇంకొకటి, అతని దగ్గర పనివాడిగా ఉన్నది ఎవరనుకున్నారు, కిచిజిరో. వాడి మెడలో సంచీ వెతికితే పవిత్రుల బొమ్మ దొరుకుతుంది. నాలుగైదుసార్లు తొక్కినవాడి మెడలో! ఎవరిచ్చారని అడిగితే ఫాదర్ పేరు చెప్పడు. నవలంతా అందరినీ పట్టిచ్చినవాడు చివరికొచ్చేసరికి నోరు విప్పడు. ఎండో దీన్ని పెద్దగా చెప్పకుండా జీతాల లెక్కల మధ్యలో దాచాడు, నాకు పుస్తకం మొత్తంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

2016లో వచ్చిన సినిమాలో చివర దహనం అప్పుడు అతని చేతుల్లో చిన్న శిలువ చూపిస్తారు. అది నవలలో లేదు. సినిమా మీ ప్రశ్నకి అవునని జవాబిచ్చేసింది, నవల అంత తేలిగ్గా ఇవ్వదు.

పేరు సంగతి కూడా తెలుసుకోవాలి. ఎండో మొదట అనుకున్న పేరు ఎండపొడ వాసన అనే అర్థం వచ్చేది, సైలెన్స్ అని మార్చింది పబ్లిషర్లు. దాంతో దేవుడు మాట్లాడడు అనేదే నవల అని అందరూ అనుకున్నారు, తర్వాత ఎండో చాలాసార్లు మొత్తుకున్నాడు, నేను చెప్పింది మౌనంలోంచి మాట్లాడే దేవుడి గురించి అని. తొక్కబోయే క్షణంలో బొమ్మలోని ముఖం రోడ్రిగెజ్‌తో మాట్లాడుతుంది కదా, తొక్కు, మీ నొప్పి పంచుకోవడానికే నేను పుట్టాను అనే భావంతో. అది నిజంగా క్రీస్తు గొంతా, నలిగిపోయిన మనిషి తనకి తాను చెప్పుకున్న మాటా? అరవై ఏళ్లుగా కొట్టుకుంటున్నారు దీని మీద. నా మటుకు నాకు అది క్రీస్తు గొంతే, ఎందుకంటే నవల మొదటి నుంచీ రోడ్రిగెజ్ ఊహించుకునే క్రీస్తు ముఖం అందంగా, గంభీరంగా ఉంటుంది, ఇక్కడ కనిపించేది కాళ్ల కింద అరిగిపోయి లోతుకుపోయిన ముఖం. తన మనసు కల్పించుకునేదైతే పాత ముఖమే వచ్చేది.

ఎండో సొంత జీవితం కూడా దీంట్లో ఉంది. 1923లో పుట్టాడు, చిన్నతనం మంచూరియాలోని దాలియన్‌లో. తల్లిదండ్రులు విడిపోయాక అమ్మతో కోబె వైపు వచ్చేశాడు, అమ్మ కాథలిక్ అయింది, అమ్మ కోసం పదకొండు పన్నెండేళ్లప్పుడు తనూ బాప్తిస్మం తీసుకున్నాడు. అంటే తను ఎంచుకున్నది కాదు. ఆ మతం తనకి కొలతలు కుదరని కోటులాంటిదనీ, విప్పేద్దామని ఎన్నిసార్లు చూసినా విప్పలేకపోయాననీ, అందుకే దాన్ని తన ఒంటికి సరిపోయే కిమోనోగా మళ్లీ కుట్టుకోవడమే తన జీవితమంతా చేసిన పని అనీ చెప్పుకున్నాడు. 1950లో ఫ్రాన్స్‌కి చదువుకోడానికి వెళ్తే క్షయ పట్టుకుని వెనక్కొచ్చేశాడు, 1960 తర్వాత రెండేళ్లకి పైగా ఆస్పత్రిలోనే, ఊపిరితిత్తులకి మూడు ఆపరేషన్లు. సైలెన్స్ ఆ మంచం మీంచి లేచినవాడు రాసింది. నాగసాకిలో ఒక పాత భవనంలో ఫుమియె చూశాడట, రాగి బొమ్మ కన్నా దాని చుట్టూ ఉన్న చెక్క మీద నల్లగా పడ్డ కాలివేళ్ల మరకలు ఆయన్ని వదల్లేదు. ఈ వేళ్లు ఎవరివి, తొక్కేటప్పుడు వాళ్లకి ఏమనిపించింది, నేనైతే ఏంచేసేవాణ్ణి. నవల ఆ వేళ్ల నుంచి పుట్టింది, శిలువ నుంచి కాదు.

అందుకని మీ ప్రశ్నకి నా జవాబు, ఎండో ప్రకారం పోలేదు. కానీ పోకుండా ఉన్నదానికి ఏ పేరు పెట్టాలో ఎండోకీ తెలీదనిపిస్తుంది.


గోదారి సాక్షి:

క్షమించాలి, నేను వేరేగా చెప్తాను. పల్నాడు పాఠకుడు గారూ, మీ తాతయ్యగారి మీద నాకు గౌరవమే, ఇది ఆయన గురించి కాదు, నవల గురించి.

నాకు సైలెన్స్ చదివినప్పుడు కోపం వచ్చింది. ‘మనుష్యులయెదుట ఎవడు నన్ను ఎరుగననునో’ వాణ్ణి నేనూ ఎరగనంటానని ప్రభువే చెప్పిన మాట మత్తయిలో ఉంది, దాన్ని ఎండో ఎక్కడా ఎదుర్కోలేదు. ప్రభువే వచ్చి తొక్కు అన్నాడని రాసేస్తే ఇంక ఎవరైనా ఏదైనా చెయ్యొచ్చు కదా. అదే పుస్తకంలో మోకిచి, ఇచిజో ఉన్నారు, సముద్రం ఒడ్డున కొయ్యలకి కట్టేస్తే రోజుల తరబడి ఆటుపోట్లకి నానిపోయి పాట పాడుతూ పోయారు. రోడ్రిగెజ్‌తో వచ్చిన గార్పె ఫాదర్, తన వాళ్లని అధికారులు పడవలోంచి తోసేస్తుంటే వాళ్లకోసం నీళ్లలోకి దూకి మునిగిపోయాడు. వీళ్లు చదువులేని రైతులు, బెస్తవాళ్లు, ఒక పేద ఫాదరు. వాళ్ల గుండెలో ఏముందో ఎండో ఒక్క పేజీ కూడా లోపలికి వెళ్లి చూడలేదు. లోపలికి వెళ్లింది అంతా రోడ్రిగెజ్‌లోకే, సందేహపడే చదువుకున్నవాడిలోకి. సందేహమే లోతు, నిలబడ్డవాళ్లు మొండివాళ్లు అన్నట్టు అయిపోయింది. ఇది నాకు న్యాయం అనిపించలేదు. పుస్తకం వచ్చినప్పుడు నాగసాకి వైపు చర్చిల్లో కొన్నిచోట్ల దీన్ని చదవొద్దన్నారంటే ఊరికే అనలేదు, చచ్చిపోయినవాళ్లు వాళ్ల పూర్వీకులు.

ఇది నేను ఊరికే గట్టున కూర్చుని చెప్పట్లేదు. మా నాన్నగారు నా టెన్త్ సర్టిఫికెట్‌లో క్రిస్టియన్ అనే రాయించారు, ఎస్సీ కాకుండా, క్రైస్తవులైన దళితులకిచ్చే బీసీ-సీ కింద వచ్చాం. నాకన్నా తక్కువ ర్యాంకు వచ్చిన మా పేట అమ్మాయికి సీటు వచ్చింది, నాకు రాలేదు. ఆ రోజు ఇంట్లో అన్నం వండలేదు. నాన్న మీద ఏడాదిపాటు కోపంగా ఉన్నాను, మాట్లాడలేదు. తర్వాత ప్రైవేటుగా డిగ్రీ చదివి ఇప్పుడు చిన్న ఉద్యోగం చేస్తున్నాను. ఆయన నిలబడ్డాడు, ఆ వెల నేను కట్టాను. అలాంటి మనిషి గురించి కూడా ఎవరైనా నవల రాయాలి.

ఒకటి మాత్రం ఒప్పుకుంటా. ఆ మూలుగుల రాత్రిలో రోడ్రిగెజ్ తన ప్రాణం కోసం తొక్కలేదు, వేరేవాళ్ల కోసం తొక్కాడు. అక్కడ నేనుంటే ఏంచేసేదాన్నో నాకు తెలీదు.


ఫుకుఓకా నుంచి:

అక్కా, మీరు చెప్పింది సదివినంక నా మనసు కూడా అటు ఇటు అయింది. నేను కరీంనగర్ దిక్కు పిల్లగాణ్ణి, జాబ్ కోసం ఫుకుఓకాకు వచ్చి ఐదేండ్లయింది. నేను క్రిస్టియన్ కాదు, మా ఇంట్ల ఎల్లమ్మను కొలుస్తం. సైలెన్స్ సదివినంకనే నాగసాకి పోయిన, ఇక్కడికెళ్లి రైలు రెండు గంటల లోపే. ఆడ చూసినయి చెప్తా, మీ ఇద్దరి మాటలకు పనికొస్తదేమో.

నిషిజాక గుట్ట మీద 26 మంది స్మారకం ఉన్నది, 1597 ఫిబ్రవరిల శిలువల మీద చంపిన్రు, అండ్ల చిన్న పోరగాండ్లు కూడా ఉన్నరు. అక్క అన్నట్టు అక్కడ నిలబడితే తల వంగుతది, వేరే ముచ్చట ఏం గుర్తుకురాదు. ఆడికెళ్లి ఓఉర చర్చికి పోయిన. అక్కడ జరిగిన కథ నన్ను ఇంకా వదుల్తలేదు. 1865 మార్చి 17న, చర్చి కొత్తగా కట్టిన్రు ఫ్రెంచోళ్లు, వాళ్ల కోసమే అన్నట్టు. ఉరకామి ఊరికెళ్లి కొంతమంది రైతులు వచ్చి పెతిజాన్ అనే ఫాదర్ దగ్గర మెల్లగ చెప్పిన్రంట, మీ మనసూ మా మనసూ ఒకటే అని, మరియమ్మ బొమ్మ ఏడున్నదని అడిగిన్రంట. రెండొందల ఏండ్లకు పైగా ఒక్క ఫాదర్ లేడు ఆ దేశంల. వీళ్లే పిల్లలకు నీళ్లు చల్లి బాప్తిస్మం ఇచ్చుకున్నరు, వీళ్లే ప్రార్థనలు నోటికి నేర్చుకున్నరు, ఒరాషో అంటరు, లాటిన్ పోర్చుగీసు మాటలు అరిగి అరిగి జపాన్ మాటలల్ల కలిసిపోయినయి, అర్థం తెల్వకున్నా సదివిన్రు. బౌద్ధుల కన్నన్ దేవత బొమ్మను పెట్టుకుని మరియమ్మ అని మొక్కిన్రు.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్నది. నాగసాకిల ప్రతి కొత్త సంవత్సరం అప్పుడు ఇంటింటికీ ఫుమియె తొక్కిచ్చేటోళ్లు, పండుగ లెక్కనే అయిపోయింది అది. అంటే 1865ల ఓఉర చర్చికి వచ్చి మా మనసు ఒకటే అన్నోళ్లు ఎవరు? ఏడాదికోసారి తొక్కినోళ్ల పిల్లల పిల్లలు. తొక్కి, ఇంటికి పోయి, తలుపులేసుకుని, కొంచిరిసాన్ అనే పశ్చాత్తాప ప్రార్థన చదివేటోళ్లు. నిలబడ్డోళ్లు నిలబడ్డ కాడనే పోయిన్రు, వాళ్లు గొప్పోళ్లు, నేను కాదంటలేను. కానీ ఆ నమ్మకాన్ని రెండొందల ఏండ్లు మోసుకొచ్చినోళ్లు తొక్కినోళ్లే. ఆ సంగతి తెలిసినంక నాకు కిచిజిరో వేరేగ కనపడ్డడు.

మళ్ల ఆ ఉరకామి వాళ్లు బయటపడ్డంక కూడా ప్రభుత్వం ఊకోలే, మూడు వేల మందికి పైగా పట్టుకుని దేశంల తలోదిక్కు పంపిన్రు, 1873ల నిషేధం తీసినంకనే తిరిగొచ్చిన్రు. వచ్చి ఇటుకా ఇటుకా పేర్చి పెద్ద చర్చి కట్టుకున్నరు. 1945 ఆగస్టు 9న బాంబు పడ్డది ఆ ఉరకామి మీదనే. ఇగ నేను దాని గురించి ఏం రాయలేను.

సొతొమె అనే ఊరు సముద్రం ఒడ్డుకు ఉంటది, నవలల రోడ్రిగెజ్ దాక్కున్న ఊరు ఆ దిక్కునే అని చెప్తరు. అక్కడ ఎండో మ్యూజియం ఉన్నది. దగ్గర్ల ఒక రాయి మీద ఆయన మాటలు చెక్కిన్రు, మనుషులకు ఇంత దుఃఖం ఉంటే ప్రభువా సముద్రం ఇంత నీలంగ ఉన్నదేంది అనే భావం వచ్చేటట్టు. నేను పోయిన రోజు సముద్రం నిజంగనే అట్లనే ఉండె.

ఇంకో మాట, జపాన్ భాషల విశ్వాసం వదిలేసుడును కొరొబు అంటరు. మామూలుగ ఆ మాటకు అర్థం కిందపడుడు, దొర్లిపడుడు, నడుస్త నడుస్త బోర్లపడ్డట్టు.


పల్నాడు పాఠకుడు:

అన్నా, మా చర్చిల్లో కూడా అదే మాట. ఫలానావాడు విశ్వాసంలో పడిపోయాడు అంటారు. ఇదే మాట అక్కడ కూడా ఉందని నాకు తెలీదు.

గోదారి సాక్షి గారూ, మీరు క్షమించమని అడగాల్సిన పనే లేదు. మీ నాన్నగారి గురించి చదివి మా అమ్మకి కూడా చదివి వినిపించా.


కృష్ణ ఒడ్డు:

ఆలస్యంగా చూశాను ఈ థ్రెడ్. సైలెన్స్ దగ్గరే ఆగిపోతే ఎండో ప్రయాణం సగమే చూసినట్టండి, 1993లో వచ్చిన డీప్ రివర్ కూడా చదవాలి. 1996లో ఆయన పోయినప్పుడు ఆయన కోరిక మీద ఈ రెండు పుస్తకాలనే శవపేటికలో పెట్టారు.

అది కాశీ నవల. 1984 అక్టోబర్‌లో జపాన్ నుంచి ఒక టూర్‌లో కాశీకి వచ్చినవాళ్ల కథ, మధ్యలో ఇందిరా గాంధీ హత్య వార్త వస్తుంది. భార్య చనిపోతూ నేను మళ్లీ పుడతాను, వెతుక్కోండి అంటే వెతుక్కుంటూ వచ్చిన ఇసోబె, బర్మా యుద్ధంలో ఆకలికి మనుషులు ఏం తిన్నారో చూసిన కిగుచి, దేన్నీ నమ్మలేని మిత్సుకో. వీళ్లందరి మధ్యలో ఓత్సు. ఇతను ఫాదర్ అవుదామని ఫ్రాన్స్ వెళ్లి, అన్ని మతాల్లోనూ దేవుడున్నాడని అన్నందుకు పెద్దలతో చీవాట్లు తిని, ఎక్కడా కుదరక, చివరికి కాశీలో సాధువుల ఆశ్రమంలో తేలతాడు. దిక్కులేకుండా వీధుల్లో పడి ఉన్న వాళ్లని వీపు మీద మోసుకుని గంగ దగ్గరికి చేరుస్తుంటాడు. మిత్సుకోకి దేవుడు అనే మాట వింటే చిరాకు, సరే ఉల్లిపాయ అందాం అంటాడు ఓత్సు. అక్కడి నుంచి నవలంతా ఉల్లిపాయే. మొదట్లో ఇదేంటి అనిపించింది, చివరికొచ్చేసరికి ఆ మాటకే కళ్లు చెమర్చాయి.

పల్నాడు పాఠకుడు గారూ, మీరు బైబిల్ చదివేవారు కాబట్టి మీకిది చెప్పాలి. ఆ నవలలో యెషయా 53వ అధ్యాయం మళ్లీ మళ్లీ వస్తుంది, మిత్సుకో కాలేజీ ప్రార్థన గదిలో తెరిచి ఉన్న పుస్తకంలో చూస్తుంది. మా పక్కింటి మరియమ్మగారి తెలుగు బైబిల్ అడిగి తెచ్చుకుని చదివాను, ‘అతనికి సురూపమైనను సొగసైనను లేదు’ అని ఉంది, కింద ‘వ్యసనాక్రాంతుడు’ అని ఉంది. వ్యసనం అంటే ఇప్పుడు మనం తాగుడు అనుకుంటాం, అక్కడ దుఃఖం అని కదా అర్థం. ఓత్సుని ఎండో అలాగే చూపిస్తాడు, అందం లేదు, తెలివితేటల గొప్ప లేదు, ఎవరూ చూడాలనుకోరు. అదే నవలలో గైడు వాళ్లని నేల కింద ఉన్న గుళ్లోకి తీసుకెళ్లి చాముండి విగ్రహం చూపిస్తాడు. ఎండిపోయిన రొమ్ములు, కుష్ఠు పట్టిన కాళ్లు, కరిచి పట్టుకున్న తేళ్లు, అయినా పిల్లలకి పాలిస్తున్న తల్లి. నేను చిన్నప్పటి నుంచి చాముండి అంటే రౌద్రం అనే విన్నాను, ఒక జపాన్ కాథలిక్ రచయిత వచ్చి ఆమె జబ్బుతో ఉంది, అందుకే తల్లి అని చూపించాడు. రెండో షెల్ఫ్ గారు చెప్పిన అరిగిపోయిన ముఖం కూడా ఇదే అనుకుంటాను.

నాకు ఈ నవలతో ఒక పేచీ ఉంది, దాచను. కాశీ అంతా ఉంది కానీ కాశీ మనుషులు లేరు. మనవాళ్లు చితి మీద, బిచ్చంలో, గుంపులో కనిపిస్తారు తప్ప ఒక్కరికీ లోపలి మాట లేదు. మా అమ్మ అస్థికలు తీసుకుని నేను కాశీ వెళ్లినప్పుడు ఆంధ్రాశ్రమంలో దిగాను, పడవ నడిపిన కుర్రాడు నేను ఏడుస్తుంటే చాలాసేపు తెడ్డు వెయ్యకుండా ఆగిపోయి నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. అలాంటి ఒక్కడు ఆ నవలలో ఉంటే బాగుండేది. గోదారి సాక్షి గారు సైలెన్స్‌లో రైతుల గురించి అన్న మాట ఇక్కడ కూడా వర్తిస్తుంది, ఆవిడ ఎత్తి చూపించింది ఎండోకి నిజంగా ఉన్న లోపమే.

ఓత్సు చివరికి ఏమవుతాడో చెప్పను. చదవండి.


గోదారి సాక్షి:

కృష్ణ ఒడ్డు గారూ థాంక్స్. ఫుకుఓకా తమ్ముడూ, నువ్వు చెప్పిన కొంచిరిసాన్ సంగతి రెండు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. నేను నా అభిప్రాయం మార్చుకోలేదు, మోకిచి వాళ్లకి ఎండో అన్యాయం చేశాడనే అంటాను. కానీ ఓఉర చర్చికి వచ్చినవాళ్లని ప్రభువు ఎరగనంటాడని మాత్రం నేను అనలేను. పల్నాడు పాఠకుడు గారూ, మీ తాతయ్య గారి పేరు చెప్పక్కర్లేదు, ఈ ఆదివారం ప్రార్థనలో ఆయన కుటుంబాన్ని తలుచుకుంటాను.


పల్నాడు పాఠకుడు:

అందరికీ చాలా థాంక్సండి. మొన్న శనివారం ఊరెళ్లాను, నాయనమ్మకి ఇప్పుడు ఎనభై నాలుగు. ఇన్నాళ్లూ అడగడానికి ధైర్యం లేక ఊరుకున్నది అడిగాను, తాతయ్య బల్ల ఎందుకు తీసుకోలేదు అని. ఆవిడ ఆశ్చర్యపోలేదు, నేను అడుగుతానని ఎదురుచూస్తున్నట్టే చెప్పింది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు పాత పాస్టర్ గారు రెండుమూడుసార్లు ఇంటికొచ్చి చెప్పారట, రావయ్యా, ప్రభువుకి నీ ఇల్లు తెలియదా, నీ పిల్లలు తెలియదా అని. రిటైరయ్యాక తీసుకుంటానండి అనేవాడట. సరే రిటైరయ్యాడు. తర్వాతి నెల నాయనమ్మ పొద్దున్నే ఆయన తెల్లచొక్కా తీసి మంచం మీద పెట్టింది. ఆయన వేసుకున్నాడు, చర్చికెళ్లాడు, మళ్లీ గోడ దగ్గరే కూర్చున్నాడు. ఇంటికొచ్చాక ఏంటని అడిగితే, పెన్షన్ కూడా ఆ కాగితం మీదేగా వచ్చేది అన్నాడట. నాయనమ్మ మళ్లీ అడగలేదు.

అది చెప్పి కాసేపాగి ఇంకోటి చెప్పింది, నాకు ఎప్పుడూ తెలియనిది. బల్ల ఇచ్చే ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం ఆ బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసేది తాతయ్యేనట. బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉండేది మా ఇంట్లో, నాకు గుర్తుంది, అది దేనికో తెలీదు. ముప్పై ఏళ్లకి పైగా నెలనెలా ఆయనే చేశాడు, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు, నాయనమ్మని కూడా. రాత్రి వెళ్లి మడతలు లేకుండా పరిచి, గ్లాసులు లెక్కపెట్టి తుడిచి పెట్టి, తలుపేసి వచ్చేవాడట. పొద్దున్నే వెళ్లి గోడ దగ్గర కూర్చునేవాడు.

రెండో షెల్ఫ్ గారూ, ఆ గుమస్తా డైరీ మళ్లీ చదివాను, మీరు చెప్పిన మెడ సంచీ దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టుకున్నా. కృష్ణ ఒడ్డు గారూ, డీప్ రివర్ దొరికింది, విజయవాడలో పాత పుస్తకాల దగ్గర. నిన్న రాత్రే మొదలుపెట్టాను. బయట వీధిలో చిలగడదుంపలు అమ్మేవాడి కేక వినిపిస్తుంటే ఇసోబె ఆస్పత్రిలో డాక్టర్ చెప్పేది వింటున్నాడు, అక్కడున్నాను.